మా ఇంటి మేస్త్రీ

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఆ మాట ఎవరైనా అంటే మా ఆయన నవ్వేవారు. "పెండ్లి ఒక్కసారే చేసుకున్న, ఇండ్లు మాత్రం నలభై దాక కట్టిన. రెండిట్ల నాకేది కష్టమనిపియ్యలే" అనేవారు. ఆ నలభై ఇళ్లలో ఎవరివీ ఆగిపోలేదు. ఆగింది ఒక్కటే, మా సొంత ఇల్లు. పై అంతస్తు స్తంభాలు లేచి, ఇనుప సలాకలు ఆకాశంలోకి చూస్తుండగా 2016 ఆగస్టులో ఆయన వెళ్లిపోయారు. ఆయనకప్పుడు 46 ఏళ్లు. ఇప్పుడు నా వయసూ అంతే. అందుకేనేమో, ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని ఈ ఏడాది మరీ మరీ అనిపిస్తోంది.

నేను రచయిత్రిని కాను. జనగామలో ఇంటర్ చదివాను, అంతే. పై చదువు అనుకునేలోపే 2001లో పెళ్లయి సికింద్రాబాద్ వచ్చేశాను. మారేడ్‌పల్లి అనగానే చాలామందికి పడమటి మారేడ్‌పల్లే గుర్తొస్తుంది. వెడల్పాటి రోడ్లు, పెద్ద పెద్ద చెట్లు, పాత బంగళాలు! మేముండేది అక్కడ కాదు. తూర్పు మారేడ్‌పల్లి దాటి తుకారాం గేటు వైపు వస్తే రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి ఆగాల్సినంత గల్లీ. అందులో 90 గజాల జాగా మాది.

ఆ జాగా వెనక ఒక కథ ఉంది. మా మామయ్యది పాలమూరు జిల్లా. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు కుర్రతనంలోనే అక్కడికి పోయి రాళ్లు మోశారట. 1955 డిసెంబరులో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట పూర్తవడానికి పన్నెండేళ్లకు పైగా పట్టింది. అది రాతి కట్టడం. మోసిన రాయి గోడలో ఎట్లా కూర్చుంటుందో చూస్తూ చూస్తూ ఆయన తాపీ పట్టడం నేర్చుకున్నారు. డ్యాం పని అయ్యాక పట్నం వచ్చారు. మా అత్తమ్మ తట్టలు మోసి, చీటీలు వేసి కూడబెట్టిన డబ్బుతో ఈ జాగా కొన్నారు. అందుకే కాగితం అత్తమ్మ పేరిట రాయించారు. మామయ్య దగ్గర మా ఆయన, పదో తరగతి తప్పాక, తాపీ పట్టారు.

నేను కాపురానికి వచ్చేసరికి ఈ జాగాలో మట్టి గోడల మీద బెంగుళూరు పెంకుల ఇల్లు ఉండేది. వాన పడితే చాలు, గిన్నెలన్నీ నేల మీదికి వచ్చేవి. 2000 ఆగస్టులో హైదరాబాదును ముంచిన ఆ పెద్ద వానకు వంటింటి గోడ సగం కరిగిందని అత్తమ్మ చెప్పేది. ఒక వానాకాలం రాత్రి నాకు కోపం ఆగలేదు. "ఊరందరికి ఇండ్లు కడ్తవు, మన ఇంట్ల మాత్రం గిన్నెల నడుమ పండాలె" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. లేచి, నిండిన గిన్నె బయట పారబోసి, మళ్లీ అక్కడే పెట్టి పడుకున్నారు. తర్వాత అత్తమ్మ చెప్పింది, ఆ సంవత్సరమే ఆయన చెల్లెలి పెళ్లి అప్పు తీర్చారని. ఆ రోజు నోరు జారినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పొద్దున ఆరింటికి సద్ది కట్టుకుని పోతే తిరిగి వచ్చేసరికి చీకటి పడేది. వాకిట్లో నల్లా దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని గానీ లోపలికి వచ్చేవారు కాదు. సిమెంటు పనివాళ్ల చేతులు మీరెప్పుడైనా చూశారా? వేళ్ల సందులు పగిలి నెత్తురు కనిపిస్తుంది. రోజూ రాత్రి కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి రాసేదాన్ని. "ఓ జనగామ పిల్లా, గింత నూనె నా చేతులకు పోస్తే కూరలకేం పోస్తవు?" అనేవారు. శనివారం లేబర్‌కు కూలి పంచాకే ఇంటికి డబ్బు వచ్చేది. ఒక్కో వారం మిగిలేది కాదు. అయినా ఆ రోజుకు ఎవరి కూలీ ఆగలేదు. "మనం సోమవారం కొనుక్కోవచ్చు, ఆళ్లకు ఆదివారమే అంగడి" అనేవారు.

చివరికి 2009లో మా వంతు వచ్చింది. పాత ఇల్లు విప్పి కింది అంతస్తు కట్టారు. పగలు ఇతరుల పని, సాయంత్రం, ఆదివారం మా పని. అప్పుడే నాకు ఇంటి పని ఎన్ని సంగతులతో ఉంటుందో తెలిసింది. చెల్లెళ్లలో ఎవరైనా ఇల్లు కట్టుకుంటుంటే పనికొస్తాయని ఆయన నాకు చెప్పినవి కొన్ని చెబుతాను.

ఇటుకలు వస్తే రెండు తీసుకుని ఒకదానికొకటి కొట్టి చూసేవారు. కణేల్‌మని మోగాలి. డబ్ డబ్‌మంటే సరిగ్గా కాలనట్టు. నడుం ఎత్తు నుంచి నేల మీదికి వదిలితే విరగకూడదు. గోడకు పెట్టేముందు ఇటుకల్ని నీళ్లలో నానబెట్టాల్సిందే. పొడి ఇటుక సిమెంటులోని నీళ్లన్నీ తాగేస్తుంది. ఇసుకకైతే నా వంటింటి గాజు గ్లాసు పట్టుకుపోయేవారు! సగం ఇసుక, దాని మీద నీళ్లు పోసి, బాగా కలిపి కదలకుండా పెట్టేవారు. కాసేపటికి ఇసుక అడుగున, మట్టి పైన పొరగా తేరుతుంది. ఆ పొర మందంగా ఉంటే లారీ వెనక్కి పంపేవారు. గోడ రోజుకు నాలుగడుగులకు మించి లేపనిచ్చేవారు కాదు. "కింద తడి ఆరకముందే మీద బరువు పెడితే అది గోడైనా, మనిషైనా కుంగుతది" అనేవారు.

మా గల్లీ వాళ్లందరికంటే మా ఇంటి మట్టం రెండడుగులు ఎత్తు పెట్టారు. "గంత మెట్లెందుకు, నా మోకాళ్ల సంగతి చూడవా" అని అత్తమ్మ గొడవ చేసింది. "రోడ్డు ఏసినప్పుడల్లా ఎత్తు పెరుగుతదమ్మా, పదేండ్ల తర్వాత చూడు" అన్నారు. ఆయన మాటే నిజమైంది. ఈనాడు మా వాకిలికీ రోడ్డుకీ మధ్య రెండు మెట్లే మిగిలాయి. పక్కిళ్లలోకి వాన నీళ్లు వస్తున్నాయి.

అన్నిటికంటే నేను మర్చిపోలేనిది వంటగట్టు సంగతి. ఒక రోజు నేను చపాతీలు చేస్తుంటే టేపు పట్టుకుని వచ్చి నా మోచేయి నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలిచారు. పొయ్యి దగ్గర నిలబెట్టి మళ్లీ కొలిచారు. నాకు సిగ్గేసింది, అత్తమ్మ చూస్తోందని! "మోచేతికి అయిదంగుళాలు కిందికి ఉంటే నడుం నొయ్యదు. అందరికి 34 అంగుళాలు పెట్టి పోతరు. నువ్వు పొట్టిదానివి, నీకు 32 చాలు" అన్నారు. ఎన్నో ఇళ్ల వంటిళ్లలో నిలబడి వండాను. చుట్టాల పెళ్లిళ్లలో, పుట్టింట్లో, ఎక్కడ వండినా సాయంత్రానికి భుజాలు పీకుతాయి. నా వంటింట్లో మాత్రం అలసట తెలియదు. నా కొలతలతో కట్టిన గట్టు అది ఒక్కటే మరి!

స్లాబు వేశాక నీళ్లు కట్టే పని నాది, అత్తమ్మది. స్లాబు మీద మడుల్లా చిన్న గట్లు వేసి నీళ్లు నిలపాలి. 21 రోజులు ఎండకూడదని ఆయన పట్టుదల. అప్పుడు మా అమ్మాయికి ఆరేళ్లు, బాబుకు మూడేళ్లు. ఇద్దరూ ఆ మడుల్లో కాగితం పడవలు వేసేవారు. సాయంత్రాలు పైనే కూర్చుని సర్వపిండి తినేవాళ్లం. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం, ఉప్పు కలిపి, గిన్నె అడుగున నూనె రాసి, చేత్తో పల్చగా ఒత్తి, నడుమ వేళ్లతో గుంటలు చేసి, నూనె వేసి మూతపెట్టి సన్నటి మంట మీద కాల్చితే అడుగు కరకరలాడుతూ వస్తుంది. ఆయనకు ఆ అడుగు ఇష్టం. పిల్లలకు తుంచి పెట్టి, ఆఖరి ముక్క తాను తినేవారు.

పిల్లలతో ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడింది లేదు. మా అమ్మాయికి బొమ్మల కంటే తూకం గుండు ఇష్టం. దారానికి వేలాడే ఇత్తడి గుండును తలుపు పక్కన పట్టుకుని "డాడీ, ఇది వంకర" అనేది. నిజంగానే వంకర ఉంటే ఆయనకు పండగే! పదిమందికి చెప్పుకునేవారు. బాబుకు నీళ్ల పైపు చూపించి, రెండు చివర్లలో నీళ్లు ఒకే మట్టానికి ఎందుకు వస్తాయో చెప్పేవారు. బడి పుస్తకంలో ఆ పాఠం వచ్చినప్పుడు వాడు "ఇది మా డాడీ చెప్పిండు" అని లేచి నిలబడ్డాడట.

ఆయన దగ్గర ఎర్ర అట్ట డైరీ ఒకటి ఉండేది. ఆ రోజుల్లో తుకారాం గేటు దగ్గర రైలు గేటు పడితే ఎంతసేపైనా ఆగాల్సిందే. కింది నుంచి రోడ్డు 2022లో గానీ రాలేదు. గేటు పడినప్పుడల్లా స్కూటర్ మీద కూర్చుని అందులో లెక్కలు రాసుకునేవారు. "రైలోళ్లు నాకు రోజుకింత ఖాళీ ఇస్తున్నరు" అని నవ్వేవారు. ఆ డైరీ నేనెప్పుడూ విప్పి చూడలేదు. మగవాళ్ల లెక్కలు మనకెందుకు అనుకునేదాన్ని. అది ఎంత తప్పో తర్వాత తెలిసింది.

2016లో పై అంతస్తు మొదలుపెట్టారు. అమ్మాయి చదువుకు అద్దె డబ్బులు పనికొస్తాయని ఆయన ఆలోచన. ఆ వేసవి నుంచే మెట్లెక్కితే ఆయాసం వస్తోందనేవారు. డాక్టరుకు చూపించుకోమంటే "స్లాబు పడనీ" అనేవారు. నేనూ ఒత్తిడి చేయలేదు. ఆగస్టులో ఒక రాత్రి భోజనం చేశాక ఛాతీలో బరువుగా ఉందన్నారు. గ్యాస్ అనుకున్నాం. నేను వాము నీళ్లు కాచి ఇచ్చాను. చెమటలు పడుతుంటే ఉక్కపోత అనుకుని ఫ్యాను పెంచాను. కొంచెం తగ్గిందని పడుకున్నారు. తెల్లవారుజామున లేపి, ఎడమ చేయి లాగుతోందన్నారు. ఆటో దొరికి, ఆస్పత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. "రాత్రి నొప్పి మొదలైనప్పుడే తీసుకురావాల్సిందమ్మా" అన్నారు డాక్టరుగారు.

ఆ వాము నీళ్ల గ్లాసు నన్ను చాలా ఏళ్లు నిద్రపోనివ్వలేదు. ఇప్పుడూ ఒక్కో రాత్రి పోనివ్వదు. అక్కలారా, చెల్లెళ్లారా! మీ ఇంట్లో ఎవరికైనా ఛాతీ బరువెక్కి చెమటలు పడితే, దవడకో చేతికో నొప్పి పాకితే, గ్యాస్ అనుకుని కూర్చోకండి. 2005 నుంచి మనకు 108 ఉంది. అర్ధరాత్రి అయినా ఫోన్ చేయండి. గ్యాసే అని తేలితే నవ్వుకుంటూ ఇంటికి రావచ్చు.

ఇక ఆ తర్వాతి రోజులు. దినాలు అయ్యాయి. సెప్టెంబరు వానలు మొదలయ్యాయి. పైన సలాకలు తుప్పు పడుతున్నాయి. వాన నీళ్లు ఆ సలాకల మీదుగా గోధుమరంగు చారలై స్తంభాల మీద కారుతుంటే చూడలేక మేడ ఎక్కడం మానేశాను. మా అన్నయ్య వచ్చి "జాగ అమ్మేసి పిల్లల్ని తీసుకుని జనగామ వచ్చేయ్, నేను చూసుకుంట" అన్నాడు. ఆయన మంచికే చెప్పాడు. జాగా కొంటామని ఇద్దరు ముగ్గురు వచ్చి చూసిపోయారు కూడా. అత్తమ్మ అప్పటిదాకా నోరు విప్పలేదు. ఆ రోజు మాత్రం "బిడ్డా, జాగ నా పేర ఉన్నది గని ఇల్లు నీది. ఉంచుతవో, అమ్ముతవో, నువ్వు జెప్పినట్టే ఏలు ముద్ర ఏస్త. గని ఒక్కసారి వాడు రాసుకున్నది సదివి జెప్పు" అంది.

ఆ రాత్రి ఎర్ర డైరీ తెరిచాను. పిల్లలు పడుకున్నాక వంటగట్టు మీద పెట్టుకుని చదివాను. ఒక పక్క రావాల్సినవి, ఒక పక్క ఇవ్వాల్సినవి. రాణిగంజ్‌లో సామాన్ల దుకాణానికి 38 వేలు బాకీ. ఒక ఇంటాయన నుంచి 70 వేలు రావాలి. ఇంకొకరి నుంచి 15 వేలు. 'స్లాబు కూలి – సజ్జ మీద డబ్బాలో' అని ఒక చోట ఉంది. ఇంకో పేజీలో పై గది బొమ్మ గీశారు. తూర్పు కిటికీ దగ్గర చిన్న చతురస్రం గీసి పక్కన రాసుకున్నారు: 'మిషన్ ఇక్కడ. వెలుగు ఎడమ దిక్కు నుంచి పడాలె.'

కుట్టు మిషన్ నాది. వంటింటి మూల చీకట్లో పెట్టుకుని జాకెట్లు కుడుతూ, సూదిలో దారం ఎక్కక విసుక్కునేదాన్ని. ఆయనకు నేనెప్పుడూ కిటికీ కావాలని చెప్పలేదు. కుడిచేత్తో కుట్టేవాళ్లకు వెలుగు ఎడమ నుంచి పడితే చేతి నీడ గుడ్డ మీద పడదని నాకే తెలియదు! ఆ పేజీ మీద తల పెట్టి తెల్లవార్లూ ఏడ్చాను. పొద్దున అత్తమ్మతో "ఇల్లు అమ్మం, పూర్తి చేద్దాం" అన్నాను.

అనడం తేలిక. చేయడం ఎంత కష్టమో! డైరీ పట్టుకుని రాణిగంజ్ పోయాను. దుకాణం సేటు తన పుస్తకం తీశాడు. రెండు లెక్కల్లో రూపాయి తేడా లేదు. "మేస్త్రీ మాట మీద పదిహేనేళ్లు సామాను ఇచ్చాను, మీరు మెల్లగా కట్టండి" అన్నాడు. 70 వేలు ఇవ్వాల్సిన ఇంటాయన మాత్రం "ఎప్పుడో ఇచ్చేశానమ్మా" అన్నాడు. డైరీలో ఆయన సంతకం లేదు. మనం రాసుకున్నది మన దగ్గరే చెల్లుతుంది. ఆ డబ్బు రానే లేదు. 15 వేలు ఇవ్వాల్సిన వాళ్లు మటుకు వెతుక్కుంటూ వచ్చారు. పడమటి మారేడ్‌పల్లిలో పాత బంగళాకు ఆయన పైకప్పు బాగు చేశారు. ఆ ఇంటి ముసలమ్మగారు ఆటోలో మా గల్లీ మొదటి దాకా వచ్చి, కర్ర పట్టుకుని నడిచి వచ్చి, కవరు నా చేతిలో పెట్టి, "ఈ వానకు నా ఇంట్లో చుక్క పడలేదమ్మా" అన్నారు. ఆ మాటతో నాకు కొండంత ధైర్యం వచ్చింది.

సజ్జ మీది డబ్బాలో 64 వేలు ఉన్నాయి. అన్నీ 500, 1000 నోట్లు. స్లాబుకు సిద్ధం చేసుకుంటుండగా నవంబరు 8 రాత్రి ఆ నోట్లు చెల్లవని టీవీలో చెప్పారు. నా గుండె ఆగినంత పనైంది! అప్పటికి కొన్నేళ్ల ముందు ఆయనే బలవంతంగా నా పేరిట బ్యాంకు ఖాతా తెరిపించారు. "నాకెందుకు" అని అప్పుడు నేను గొణిగాను. ఆ ఖాతాయే ఇప్పుడు ఆదుకుంది. పొద్దున్నే వరసలో నిలబడి డబ్బు వేశాను. వేయడం ఒక ఎత్తు, తీయడం ఇంకో ఎత్తు. వారానికి 24 వేలకు మించి ఇవ్వనన్నారు. బ్యాంకులో నోట్లు ఉంటే గదా అదైనా! పనివాళ్లకు కూలి నగదుగానే ఇవ్వాలి. స్లాబు ఫిబ్రవరికి జరిగింది. నాలుగు తులాల నా గొలుసు, గాజులు అమ్మి మిగతాది సర్దాను.

ఆయన దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసిన పాలమూరు తమ్ముడొకడు పని ఒప్పుకున్నాడు. కూలి తగ్గించమని నేను అడగలేదు, అతను తగ్గిస్తాననలేదు. అదే నాకు నచ్చింది. ఉచితంగా చేయించుకుంటే తప్పు చూపించలేం కదా! ఇసుక లారీ వచ్చిన రోజు నేను గాజు గ్లాసు పట్టుకుని వెళ్లాను. అతను చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కాసేపాగి "అన్న లెక్కనే చేస్తున్నవ్ వదినా" అన్నాడు. సలాకల తుప్పు ఇనుప బ్రష్షుతో గీకించాను. కింద చెక్కలకు సలాకలు తగలకుండా సిమెంటు బిళ్లలు పెట్టారా లేదా అని మా అమ్మాయి వంగి వంగి చూసింది. దానికప్పుడు పదమూడేళ్లు. నీళ్ల పైపు ఒక చివర అది పట్టుకుంటే, రెండో చివర తమ్ముడు పట్టుకున్నాడు.

స్లాబు రోజు 22 మందికి బగారా అన్నం, ఆలుగడ్డ కూర, పచ్చిపులుసు చేశాను. స్లాబు పడిన రోజు కడుపు నిండా పెట్టాలని ఆయన నియమం. అత్తమ్మ కొబ్బరికాయ కొట్టింది. సాయంత్రానికి పని అయిపోయి మిక్సర్ చప్పుడు ఆగినప్పుడు గల్లీ అంతా నిశ్శబ్దమైపోయింది. 'స్లాబు పడనీ' అన్న ఆయన మాట గుర్తొచ్చి వంటింట్లోకి పోయి తలుపేసుకున్నాను.

21 రోజులు నీళ్లు కట్టాం. సెంట్రింగు చెక్కలు విప్పే రోజు అందరూ బయటికి రమ్మంటున్నా నాకు కాళ్లు ఆడలేదు. చెక్కలన్నీ దించాక లోపలికి వెళ్లి తల ఎత్తి చూశాను. ఎక్కడా పగులు లేదు, తేనెతుట్టెలా గుంటలు లేవు. తూర్పు గోడకు కిటికీ పెట్టించాను. మిషన్ ఎక్కడ గీశారో అక్కడే పెట్టాను. గది అద్దెకిచ్చేదాకా ఆరు నెలలు అక్కడ కూర్చునే కుట్టాను. వెలుగు ఎడమ దిక్కు నుంచే పడింది.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. ఆయన పాలసీకి నామినీగా నా పేరు ఉంది కాబట్టి డబ్బు త్వరగా వచ్చింది.  మన హిందూ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా మగవాడు పోతే భార్యకూ, పిల్లలకూ, అతని తల్లికీ సమాన వాటా ఉంటుంది. చాలామంది కోడళ్లకు ఈ సంగతి తెలియక అత్తతో తగాదా పడతారు. నేను అత్తమ్మ వాటా అత్తమ్మ చేతికి ఇచ్చాను. ఆమె అదే డబ్బు స్లాబు ఇనుముకు ఇచ్చింది. 2019లో మా ఆడబిడ్డను పిలిచి, ఆమె ముందే ఇల్లు నా పేరిట రిజిస్ట్రేషన్ చేయించింది. ఆడబిడ్డ ఏమంటుందోనని నేను భయపడ్డాను. "నా పెండ్లి అప్పు అన్న కట్టిండు వదినా, ఈ ఇంట్ల నా లెక్క ఎప్పుడో తీరింది" అంది. అత్తమ్మ ఆ మరుసటి ఏడాది పోయింది. చివరిదాకా ఆ మెట్లు దిగుతూ "మోకాళ్లు నొస్తున్నయ్‌రా కొడకా" అని గాలిలోకి చూసి తిట్టేది.

ఇంకొక మాట. ఇళ్లు కట్టే కూలీల కోసం 1996లో చట్టం వచ్చింది. 18 ఏళ్ల నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు, గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. ప్రమాదం జరిగినా, మనిషి పోయినా ఇంటివాళ్లకు ఆసరా ఉంటుంది. మా ఆయన తన దగ్గర పనిచేసే అందరినీ తీసుకుపోయి కార్డులు చేయించారు. తన చేతిలోనూ తాపీయే ఉందిగానీ, తన పేరు మాత్రం రాయించుకోలేదు! "మేస్త్రీకెందుకు" అనుకున్నారేమో. మీ ఇంట్లో ఎవరైనా ఈ పనిలో ఉంటే ఈ వారమే అడగండి.

ఇప్పుడు పైన అద్దెకు ఒక చిన్న కుటుంబం ఉంటోంది. ఆ అద్దె, నా కుట్టు డబ్బులు కలిపి పిల్లల చదువులు గడిచాయి. అమ్మాయి సివిల్ డిప్లొమా చేసి పనిలో చేరింది. మొదటి రోజు వెళ్తూ సంచిలో టిఫిన్ డబ్బాతో పాటు ఇత్తడి గుండు కూడా వేసుకుంది. "ఇప్పుడు అన్నిటికి లేజర్లు ఉన్నయ్ గదే" అన్నాను. "బ్యాటరీ అయిపోతే మమ్మీ?" అంది. వాళ్ల డాడీ గొంతే! బాబు డిగ్రీ చదువుతున్నాడు.

మారేడ్‌పల్లి చాలా మారింది. ఆయన బాగు చేసిన పాత బంగళాలు కొన్ని ఇప్పుడు అయిదంతస్తుల అపార్టుమెంట్లు. తుకారాం గేటు దగ్గర ఆగే పనే లేదు, కిందినుంచి దూసుకుపోవచ్చు. అటు పోయినప్పుడల్లా, స్కూటర్ మీద కూర్చుని డైరీ రాసుకునే మనిషి కోసం నా కళ్లు ఇప్పటికీ పక్కకు తిరుగుతాయి.

చివరగా మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఈ రోజు సాయంత్రం మీవారు ఇంటికి వచ్చాక, కాఫీ ఇచ్చి, పక్కన కూర్చోండి. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి నుంచి ఎంత రావాలి, కాగితాలు ఎక్కడున్నాయి, ఈ ఏడాది డాక్టరుకు చూపించుకున్నారా అని నాలుగు మాటలు అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. నేను పదిహేనేళ్లు అడగకుండా మంచి భార్య అనిపించుకున్నాను. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇక ఉంటాను. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఈ నాలుగు మాటలూ వంటగట్టు మీద కాగితం పెట్టుకుని, నిలబడే రాశాను. నడుం నొప్పి పుట్టలేదు.